మేడ మీద పోర్షన్ ఎవరికిస్తారు?

గూడూరులో అద్దె ఇంటికి గిరాకీ తగ్గే రోజు లేదు. చెన్నై–విజయవాడ లైనూ రేణిగుంట లైనూ కలిసే జంక్షన్ కనక రైల్వేవాళ్ళు బదిలీల మీద వస్తుంటారు, పోతుంటారు. ఇంజినీరింగు కాలేజీల పిల్లలు, బ్యాంకు ఉద్యోగులు, నిమ్మకాయల మార్కెట్టును నమ్ముకున్నవాళ్ళు, నాయుడుపేట ఫ్యాక్టరీలకు వెళ్ళొచ్చేవాళ్ళు, కృష్ణపట్నం రేవులోనూ పక్కనే నేలటూరు థర్మల్ ప్లాంటులోనూ పని కోసం ఒడిశా నుంచీ బీహారు నుంచీ దిగినవాళ్ళు, వీళ్ళందరికీ ఓ ఇల్లు కావాలి. ఇళ్ళున్నాయి. గేట్లకు బోర్డులూ ఉన్నాయి. అయినా కొందరికి అడిగిన మర్నాడే తాళం చెవి చేతికొస్తుంది, కొందరు నెలల తరబడి తిరుగుతారు. జీతం ఒకటే, ఇవ్వగలిగిన అడ్వాన్సూ ఒకటే. తేడా ఎక్కడుందో ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరూ కాగితం మీద పెట్టరు.

ఆ తేడా గురించే ఈ సంవాదం. మాట్లాడేది ఇద్దరు. ఒకాయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. వచ్చిన డబ్బుతో ఇల్లు కట్టి, కింద తానుంటూ, మేడ మీద రెండు పోర్షన్లు అద్దెకిస్తాడు. రెండో మనిషి అదే ఇంటి వీధి గదిలో ఆఫీసు పెట్టుకుని గూడూరు కోర్టుల్లో ప్రాక్టీసు చేసే లాయరు. చుట్టరికం లేకపోయినా ఆమె ఆయన్ని బాబాయ్ అంటుంది, ఆయన ఆమెను లాయరమ్మా అంటాడు. ఇలాంటి ఇంటాయనలు, ఇలాంటి లాయర్లు ఏ ఊళ్ళోనైనా ఉంటారు కాబట్టి పేర్లతో పని లేదు.

మేడ మీద ఒక పోర్షన్ ఖాళీ అయింది. గేటుకు కట్టిన బోర్డు మీద మూడు ముక్కలు: టు లెట్, ఫ్యామిలీస్ ఓన్లీ, వెజిటేరియన్స్ ఓన్లీ.

"బాబాయ్, మీ ఇంట్లో ఆదివారమొస్తే చేపల పులుసు. అద్దెకొచ్చేవాళ్ళు మాత్రం కూరగాయలే తినాలా?"

"తింటే నాకేంది తల్లీ. ఫోన్ చేసినోణ్ణి మీరేమిట్లు అని అడగబోతే నోరు రాదు. అది రాస్తే అడిగే పని తప్పుద్ది. అర్థమైనోళ్ళు వాళ్ళే రారు."

ఆయన దాచకుండా చెప్పాడు. సముద్రం ఇంత దగ్గర్లో ఉన్నచోట, చేపల పులుసుకు పేరుపడ్డ నేలలో, ఆ బోర్డు తిండి గురించి కాదని చదివిన ప్రతివాడికీ తెలుసు. కులం అడగడానికీ, కొన్నిసార్లు మతం అడగడానికీ అది చాటు దారి. శాకాహారం పాటించే ఇంట్లో వాసన పడక అలా రాసుకునేవాళ్ళు లేకపోలేదు. ఈయన వాళ్ళలో ఒకడు కాదు.

"ఫ్యామిలీస్ ఓన్లీ అన్నారు, సరే. పెళ్ళికాని కుర్రాళ్ళకు ఇవ్వనంటే మన దగ్గర అడ్డుపడే చట్టం లేదు. ఒంటరి ఆడపిల్లకు ఇవ్వనన్నా లేదు. అది మంచిదని నేననను, కానీ మీమీద కేసు కాదు. కులం సంగతి అట్లా కాదు బాబాయ్."

"నా ఇల్లు. నా ప్రావిడెంట్ ఫండుతో కట్టుకున్నా. రాజ్యాంగంలో సమానత్వం రాసింది సర్కారుకు గదా, నాకెట్టా వర్తిస్తది?"

సగం నిజం ఇంటాయన వైపే ఉంది. రాజ్యాంగం 15వ అధికరణం మొదటి భాగం వివక్ష చూపొద్దని ప్రభుత్వానికే చెబుతుంది. రెండో భాగం మామూలు మనుషులకూ వర్తిస్తుంది గానీ, అందులో ఉన్నవి దుకాణాలు, హోటళ్ళు, వినోద స్థలాలు, బావులు, చెరువులు, రోడ్లు. అద్దె ఇల్లు అందులో లేదు. కానీ 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసినప్పుడు సర్కారనీ ప్రైవేటనీ గీత గీయలేదు. దాన్ని అమలు చేయడానికి 1955లో వచ్చిన చట్టానికే 1976లో పదును పెట్టి పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చారు. దాని నాలుగో సెక్షన్లో ఒక మాట ఉంది. ఏ ప్రాంతంలోనైనా సరే, నివాస గృహం కట్టుకోవడంలో గానీ, సంపాదించుకోవడంలో గానీ, అందులో కాపురముండడంలో గానీ అంటరానితనం కారణంగా ఎవరికైనా అడ్డం పెడితే నేరం. నెల నుంచి ఆరు నెలల దాకా జైలు, పైన జరిమానా. అద్దె ఇళ్ళ గురించి వాదించుకునే చాలామంది ఈ సెక్షన్ చదివి ఉండరు.

"ఉంటే ఉండనీ. నేను కులం చూసే ఇవ్వలేదని ఎవుడు రుజువు చేస్తాడు?"

"ఆ ప్రశ్నకు కూడా ఆ చట్టంలోనే జవాబుంది. పన్నెండో సెక్షన్. అడ్డంకి ఎదురైన మనిషి షెడ్యూల్డ్ కులానికి చెందినవాడైతే, అది అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు అనుకోవాలి. కాదని చూపించుకునే బరువు మీ మీద పడుతుంది."

ఇంటాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. అంత చట్టముంటే, ఊళ్ళో ఇన్ని ఇళ్ళు కాదంటుంటే, కేసులేవి?

కేసులు లేకపోవడానికి కారణం తెలుసుకోవాలంటే ఇల్లు వెతుక్కునేవాడి వెంట నడవాలి. ఫోన్లో అంతా బాగానే ఉంటుంది. ఇల్లు చూపిస్తారు, మోటారు ఎప్పుడు వేస్తారో, మంచినీళ్ళు ఎప్పుడొస్తాయో చెబుతారు. మాటల్లో ఊరు పేరు, ఇంటిపేరు, ఏ వీధిలో ఉండేవారో బయటికొస్తుంది. ఆ తర్వాత, మా అబ్బాయిని అడిగి చెబుతాం. సాయంత్రానికి, ఇప్పుడే వేరేవాళ్ళు అడ్వాన్సు ఇచ్చి వెళ్ళారు. ఎవరూ తిట్టరు, ఎవరూ కులం పేరెత్తరు. వెళ్ళినవాడి చేతిలో ఏ ఆధారమూ మిగలదు. ఇల్లు దొరక్క అలసిన మనిషి, ఉద్యోగంలో చేరాల్సిన తేదీ దగ్గరపడుతుంటే, ఠాణా మెట్లెక్కడు. ఇంకో బోర్డు వెతుక్కుంటాడు.

లాయరు చెప్పిన ఉదాహరణ ఈ తీరానిదే. "నేలటూరు ప్లాంటుకు ఎవరి పేరు పెట్టారు బాబాయ్? దామోదరం సంజీవయ్య. 1960లో ముఖ్యమంత్రి అయ్యాడు, దేశంలోనే ఆ కుర్చీ ఎక్కిన తొలి దళితుడు. ఒక్కోటి 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి అక్కడ. ఆయన పేరు రాసిన గేట్లోంచి రోజూ లోపలికెళ్ళే ఇంజినీరుకు, ఆయన కులమే అయినందుకు, మీ మేడ మీద చోటు లేదు. ఈ గూడూరు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఎమ్మెల్యేగా ఎన్నుకున్న మనిషిని మీ ఇంట్లో అద్దెకుంచుకోగలరా?"

"ఎమ్మెల్యేకు నా ఇల్లెందుకు?" అని ఆయన తప్పించుకోబోయాడు. ఆమె ఆ దారి మూసేసింది. "సర్వీసులో ఉన్నప్పుడు బిట్రగుంట క్వార్టర్స్‌లో ఉన్నారుగా. పక్క క్వార్టరు ఎవరికివ్వాలో మిమ్మల్ని అడిగారా?"

"అడగలా. సీనియారిటీ లిస్టు."

"ఏమన్నా ఇబ్బంది పడ్డారా?"

"పడలేదమ్మా. పిల్లలు కలిసే ఆడుకునేవాళ్ళు." కాసేపాగి, ఆయన తన అసలు వాదం బయటపెట్టాడు. "ఆడ అద్దె జీతంలో కోసుకునేవాళ్ళు. ఖాళీ చేయకపోతే రైల్వే చూసుకునేది. ఈడ నాకెవరున్నారు? మావాళ్ళబ్బాయి అయితే వాళ్ళ నాయన్ని నేనెరుగుదును, మేనమామను ఎరుగుదును. అద్దె ఎగ్గొడితే నలుగురిలో అడగొచ్చు. బయటోణ్ణి ఎవరి ముందర నిలబెట్టేది?"

ఈ మాటను తేలిగ్గా తీసేయకూడదు. అద్దె ఇంటి వివక్షలో ద్వేషం ఒక పాలైతే, భయం ఇంకో పాలు. ఈయన దగ్గర కులం జామీను సంతకం పని చేస్తోంది. కోర్టు వేగంగా న్యాయం చేస్తుందన్న నమ్మకం లేనిచోట ఇంటివాళ్ళు చుట్టరికాన్ని కోర్టుగా వాడుకుంటారు. ఆ కోర్టులో తనవాళ్ళు లేనివాడికి ఇల్లు దొరకదు. అందుకే అద్దె చట్టాలను బాగుచేయడమూ, వివక్షను ఆపడమూ రెండు వేరు పనులు కావు.

ఆయన భయాలను లాయరు ఒక్కొక్కటీ విప్పింది. మొదటిది ఈ జిల్లా మొత్తం నమ్మేది: పన్నెండేళ్ళు ఉంటే ఇల్లు అద్దెకున్నవాడిదైపోతుంది. అది అబద్ధం. 1963 లిమిటేషన్ చట్టంలో పన్నెండేళ్ళ గడువున్న మాట నిజమే. అది యజమానికి ఎదురుతిరిగి, ఇది నాదే అంటూ పట్టుకు కూర్చున్నవాడి సంగతి. అద్దెకున్నవాడు ఇంట్లో ఉండేది యజమాని ఒప్పుకున్నందుకే. అద్దెకుంటూనే యజమానికి హక్కు లేదని వాదించకుండా పాత ఎవిడెన్స్ చట్టం 116వ సెక్షన్ అతని నోరు కట్టేసింది. 2024లో కొత్త చట్టం వచ్చాకా ఆ సూత్రం కొనసాగుతోంది. నలభై ఏళ్ళు అద్దెకున్నా అద్దెదారు అద్దెదారే.

"పదకొండు నెలల అగ్రిమెంటు అందుకే గదా రాసుకునేది?"

అందుక్కాదు. ఏడాదికి మించిన లీజుకు 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ ఖర్చూ, సబ్ రిజిస్ట్రారు ఆఫీసు చుట్టూ తిరుగుడూ తప్పించుకోడానికి పదకొండు నెలలు పుట్టింది. అది యజమానికి కోటగోడేమీ కాదు.

రెండో భయం గురించి ఆయన గొంతు తగ్గించి అడిగాడు. "ఎస్సీలకు ఇచ్చి, అద్దె కట్టలేదని ఖాళీ చేయమంటే, అట్రాసిటీ కేసు పెడితే? ముందస్తు బెయిలు కూడా రాదంట."

ఈ మాట గూడూరులోనే కాదు, హైదరాబాదు అపార్టుమెంట్లలోనూ వినబడుతుంది. ముందస్తు బెయిలుకు 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 18వ సెక్షన్ అడ్డున్న మాట వాస్తవం. కానీ 2020 నవంబరులో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చిందేమిటంటే, ఆస్తి తగాదాలో ఎదుటివాడు ఎస్సీ ఎస్టీ అయినంత మాత్రాన అది అట్రాసిటీ కాదు. ఆ కులం వాడన్న కారణంతోనే చేసిందై ఉండాలి. అద్దె బాకీకి నోటీసిస్తే నేరం కాదు. నలుగురి ఎదుట కులం పేరు పెట్టి తిడితే నేరమవుతుంది. "తిట్టే ఉద్దేశం లేనప్పుడు మీకెందుకు భయం?" అని లాయరు అడిగితే ఇంటాయన దానికి జవాబివ్వలేదు. మూడో భయానికి వెళ్ళిపోయాడు.

మూడోదే అసలైనది. ఖాళీ చేయరు. కోర్టుకెళ్తే ఏళ్ళు.

"ఇది మాత్రం మీరన్నది నిజం బాబాయ్. నేనే చూస్తున్నాగా." ఆమె వాదన ఇక్కడ కాస్త తగ్గింది, తగ్గాల్సిందే. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద బాకీ పడ్డవాణ్ణి ఖాళీ చేయించాలన్నా, సొంత అవసరమని చూపించాలన్నా, కింది కోర్టు, అప్పీలు, ఆపైన హైకోర్టులో రివిజను. ఇల్లు కట్టుకున్న పెద్దాయన చనిపోయాక కొడుకుల కాలంలో తీర్పొచ్చిన తగాదాలు ఊరూరా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ 2017లో కొత్త అద్దె చట్టం చేసుకుంది. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఒక నమూనా చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి, ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించొద్దు, అద్దె తగాదాలకు విడిగా కోర్టులు, 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలి, గడువు దాటి కూర్చుంటే మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆపైన నాలుగింతలు అద్దె. యజమాని భయానికి ఇందులో మందుంది. అద్దెకొచ్చేవాడి బాధకు మాత్రం ఒక్క వాక్యం లేదు. కులం, మతం చూసి ఇల్లు కాదనొద్దని ఆ నమూనాలో ఎక్కడా రాయలేదు. ఇంత శ్రద్ధగా నీళ్ళ కుళాయి దాకా, పగిలిన గాజు దాకా ఎవరు బాగుచేయించాలో పట్టిక వేసినవాళ్ళు, గుమ్మం దగ్గరే ఆగిపోయిన మనిషి గురించి ఆలోచించకపోవడం పెద్ద లోటు.

మతం మాట వచ్చేసరికి లాయరు దగ్గర ఆయుధాలు ఇంకా తగ్గాయి. ముస్లిం కుటుంబానికి ఇవ్వనని ఒక ప్రైవేటు యజమాని మొహం మీదే చెప్పినా శిక్షించే చట్టం మనకు లేదు. పైగా 2005లో అహ్మదాబాదు జొరాస్ట్రియన్ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వం పార్సీలకే పరిమితమన్న సొసైటీ నిబంధన చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఇంటాయనకు ఆ కేసు తెలియదు. చెప్పింది ఆమే. తన వాదనకు ఎదురు తగిలే తీర్పును దాచకపోవడం వల్ల ఆమె మీద నమ్మకం పెరుగుతుంది.

"అయితే కోర్టు నా వైపే గదా!"

"మతం విషయంలో ఇప్పటికి అంతే. కానీ అది తప్పని నేనంటాను. 2015లో సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ చుట్టుపక్కల చేసిన పరిశీలన చదివారా? మంచి ఉద్యోగం, అద్దె కట్టే స్తోమత ఉన్నవాళ్ళే ఇళ్ళు అడిగారు. పేర్లు వేరు. అగ్రకులం పేరుకు తలుపులు తెరుచుకున్నాయి. దళితుల పేరుకు తగ్గాయి, ముస్లిం పేరుకు ఇంకా తగ్గాయి. ఇస్తామన్నవాళ్ళలోనూ కొందరు వాళ్ళకు వేరే షరతులు పెట్టారు. అద్దె కట్టలేడని కాదు, పేరు వినే కాదన్నారు."

క్రైస్తవుల సంగతి ఈ తీరంలో మరీ చిక్కు. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో అడుగుపెట్టినప్పటి నుంచీ చర్చిలో చేరినవాళ్ళలో ఎక్కువమంది దళితులు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్ళకే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి మారినవాళ్ళకు 1989 చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా అంది. ఇల్లు కాదనే యజమాని మాత్రం బాప్టిజం సర్టిఫికెట్టు అడగడు. పాత కులమే చూస్తాడు. 1955 చట్టం నాలుగో సెక్షన్ ఎవరి పట్లనైనా అంటరానితనం పాటించకూడదంటుంది కాబట్టి ఆ తలుపు వీళ్ళకూ తెరిచే ఉంది. కోర్టు ముందే అనుకోవాలన్న పన్నెండో సెక్షన్ సాయం మాత్రం వీళ్ళకు అందదు. ఒకే వీధిలో ఒకే అవమానం పడ్డ ఇద్దరికి చట్టం రెండు రకాలుగా నిలబడుతోంది.

వివక్ష వద్దంటూ అద్దె అన్న మాట పేరుపెట్టి రాసిన చట్టాలు మనకు రెండున్నాయి. హెచ్ఐవి ఉన్నవాళ్ళకోసం 2017లో చేసింది ఒకటి, ట్రాన్స్‌జెండర్ల కోసం 2019లో చేసింది ఒకటి. ఆస్తి కొనడంలో, అద్దెకు తీసుకోవడంలో, నివసించడంలో వాళ్ళను కాదనకూడదని రెండూ చెబుతాయి. ఆ రెండు వాక్యాలు రాయగలిగిన పార్లమెంటుకు అవే మాటలు అందరికీ కలిపి రాయడం చేతకాని పని కాదు.

ఇంతలో ఇంటాయన మాట అమెరికాకు మళ్ళింది. కొడుకు డాలస్‌లో ఉంటాడు. "మావోడు అపార్టుమెంటుకు పోతే జీతం అద్దెకు మూడింతలుండాలన్నారంట. క్రెడిట్ రిపోర్టు అడిగారంట. కొత్తగా పొయ్యినోడికి యాడుంటది? ఎక్కువ డిపాజిట్టు కట్టించుకున్నారు. వాళ్ళు అన్ని అడగొచ్చు, నేను అడగకూడదా?"

"అడగండి బాబాయ్, అవే అడగండి! మీవాడి జీతం అడిగారు, బాకీలు అడిగారు. నల్లవాడివి, ఇండియావాడివి, హిందువువి, ఇవ్వనన్నారా? అట్లా అంటే అక్కడ పెద్ద కేసు."

1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. వారం తిరిగేసరికి, 11న, ఫెయిర్ హౌసింగ్ చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టాడు. జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు కాదనకూడదు. 1974లో ఆడా మగా తేడా కలిపారు. 1988లో వైకల్యాన్నీ, పిల్లలున్న కుటుంబాలనూ చేర్చారు. చదువుకో ఉద్యోగానికో ఆ దేశం వెళ్ళిన తెలుగువాళ్ళలో చాలామంది ఆ చట్టం నీడలోనే ఇళ్ళు తీసుకున్నారు. గూడూరు పేటల్లో ఇల్లు కట్టిన డబ్బులో కొంత అక్కణ్ణుంచి వచ్చిందే.

ఇంటాయనా తక్కువవాడు కాదు. కొడుకుతో మాట్లాడి ఒక సంగతి పట్టుకొచ్చాడు. "యజమాని కూడా అదే కట్టడంలో ఉంటే, నాలుగు పోర్షన్లకు మించకపోతే, ఆ చట్టం వర్తించదంట. నాది మూడే. నేనీడనే ఉంటున్నా. అమెరికాలో కూడా నన్ను వదిలేసినట్టే గదా?"

ఈ సంవాదంలో ఆయన వేసిన గట్టి దెబ్బ ఇది. మినహాయింపు నిజమే. అయితే ఆ మినహాయింపున్న యజమాని కూడా ఫలానావాళ్ళకు ఇవ్వనని బోర్డు రాయకూడదు, ప్రకటన ఇవ్వకూడదు. ఇంకో సంగతి, ఆ 1968 జూన్‌లోనే జోన్స్ వర్సెస్ మేయర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1866 నాటి పాత చట్టాన్ని బయటికి తీసింది. బానిసత్వం రద్దయిన కొత్తలో చేసిన ఆ చట్టం ప్రకారం, జాతి చూసి ఇల్లు అమ్మననడం, అద్దెకివ్వననడం ఎవరికీ చెల్లదు. అందులో నాలుగు పోర్షన్ల మినహాయింపు లేదు. మనవాళ్ళు కులాన్ని కూడా అక్కడికి మోసుకెళ్ళారన్న ఫిర్యాదులొచ్చి, 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం ఉద్యోగాల్లోనూ ఇళ్ళ విషయంలోనూ కులవివక్షను పేరుపెట్టి నిషేధించింది. కాలిఫోర్నియా శాసనసభ కూడా అలాంటి బిల్లు పాస్ చేస్తే, అదే ఏడాది అక్టోబరులో గవర్నరు వీటో చేశాడు.

"బయట ఉన్న మీవాడికి కావలసిన న్యాయం, ఇక్కడ అద్దెకొచ్చేవాడి కొడుక్కి అక్కర్లేదా?" అని ఆమె అడిగింది. ఇంటాయనకు కోపమొచ్చింది. ఆ కోపం అన్యాయమైనదేమీ కాదు. సొంత పిల్లల పేరెత్తితే ఎవరికైనా వస్తుంది. కాసేపటికి తగ్గాడు. "సరే, నన్నేమి అడగమంటావో చెప్పు. ఏమీ అడక్కుండా తాళం చెవి ఇచ్చేయమంటే మాత్రం ఇవ్వను."

అడగొచ్చినవి చాలానే ఉన్నాయి. ఏం పని చేస్తారు, ఎక్కడ చేస్తారు, ఐడీ కార్డు, జీతం చీటీ లేదా బ్యాంకు స్టేట్‌మెంటు. ఇంతకు ముందున్న ఇంటి యజమాని ఫోన్ నంబరు, అక్కడ ఎందుకు ఖాళీ చేశారు. ఇంట్లో ఎంతమంది ఉంటారు. కరెంటుకు సబ్ మీటరు, నీళ్ళకు లెక్క. ఇంకొకరికి అద్దెకు తిప్పకూడదు, కొట్టు పెట్టకూడదు, రాత్రి ఇంత వేళ దాటితే పాటలు పెట్టకూడదు. ఎరిగినవాళ్ళ పూచీ కావాలనుకుంటే, పనిచేసే ఆఫీసు నుంచి ఉత్తరం అడగొచ్చు. చుట్టరికం చేసే పని అది ఇంకా గట్టిగా చేస్తుంది. ఆధార్ జిరాక్సు బదులు చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ తీసుకుంటే చాలు. ఇవన్నీ మనిషి నడవడికి సంబంధించినవి. ఒకే ఒక షరతు, వచ్చిన ప్రతివాణ్ణీ అవే అడగాలి. ఒకడికి రెండు నెలల అడ్వాన్సు, ఇంకొకడికి ఆరు నెలలు అంటే ఆ తేడాకు కారణం చెప్పాల్సి వస్తుంది.

"పోలీసోళ్ళ వెరిఫికేషనో?"

"చేయించండి. అందరికీ చేయించండి. ఒడిశావాళ్ళకీ యానాదులకీ మాత్రం చేయించి, మీవాళ్ళకు వద్దనుకుంటే అది వెరిఫికేషన్ కాదు, ముద్ర వేయడం."

యానాదుల పేరు ఆమె ఊరికే తేలేదు. బ్రిటిషు కాలపు నేరస్థ జాతుల చట్టం కింద పుట్టుకతోనే మనుషుల్ని దొంగలుగా లెక్కగట్టి పోలీసు పుస్తకాల్లో ఎక్కించారు. కావలిలో ఎరుకలవాళ్ళ కోసం బాప్టిస్టు మిషనరీలు నడిపిన సెటిల్‌మెంటు ఆ చట్టం నీడలో ఉండిందే. ఎవరు ఏ రాత్రి ఎక్కడ పడుకున్నారో ఠాణాకు చెప్పుకోవాల్సిన బతుకులవి. 1952 నాటికి ఆ చట్టం దేశమంతటా పోయింది. అనుమానం పోలేదు. ఇప్పటికీ ఒక యానాది కుటుంబం పట్టణంలో అద్దె ఇల్లు అడిగితే వెతుకులాట ఎన్ని నెలలు సాగుతుందో ఈ చుట్టుపక్కల ఊళ్ళలో అడిగి తెలుసుకోవచ్చు. నెల్లూరు తీరంలో చెరువులు, రొయ్యల గుంటలు, నిమ్మ తోటలు కాపలా కాసేది చాలాచోట్ల వాళ్ళే. ఆస్తి కాపలాకు నమ్మినవాణ్ణి ఇంట్లో అద్దెకు నమ్మకపోవడానికి దొంగతనం భయం కారణం కాలేదు.

ఇంటాయన బోర్డు వైపు చూశాడు. వెజిటేరియన్స్ అన్న మాట తీసేయడానికి ఒప్పుకున్నాడు. ఫ్యామిలీస్ ఓన్లీ మాత్రం ఉంటుందన్నాడు. ఆమె అభ్యంతరం చెప్పలేదు, కానీ భర్త లేకుండా పిల్లలతో వచ్చే తల్లి కూడా ఫ్యామిలీయేనని గుర్తుచేసింది. అడ్వాన్సు మూడు నెలల నుంచి రెండుకు దించడానికి ఆయన ససేమిరా అన్నాడు.

"ఒకటి అడుగుతా లాయరమ్మా. ఇవన్నీ రాసుకుని, అందరినీ ఒకేలా అడిగి, చివర్న కారణం చెప్పకుండా ఒకణ్ణి కాదన్నాననుకో. నువ్వేం చేస్తావు?"

"ఒక్కసారైతే ఏమీ చేయలేను. కానీ కాదనిపించుకున్నవాళ్ళకు ఏం చెబుతున్నానో వినండి. ఏ తేదీన, ఏ నంబరుకు ఫోన్ చేశారు, ఏమన్నారు, రాసిపెట్టుకోండి. ఇచ్చేశామన్నాక బోర్డు ఎన్నాళ్ళుందో ఫోటో తీయండి. మర్నాడు వేరే పేరున్న స్నేహితుడితో అదే నంబరుకు చేయించండి. అమెరికాలో హేవెన్స్ రియాల్టీ కేసు అట్లాగే నిలబడింది, 1982లో. నల్లామె అడిగితే ఖాళీ లేదన్నారు, తెల్లాయన అడిగితే ఉందన్నారు. పరీక్షించడానికే వెళ్ళిన ఆమెకు కూడా దావా వేసే హక్కుందని వాళ్ళ సుప్రీంకోర్టు చెప్పింది. ఇక్కడ పౌరహక్కుల చట్టం కింద పోలీసులు నేరుగా కేసు కట్టొచ్చు. పన్నెండో సెక్షన్ ఉండనే ఉంది. పేటలో నలుగురు యజమానులు కూడబలుక్కుని కాదంటే, 2015లో అట్రాసిటీ చట్టంలో చేర్చిన ఆర్థిక బహిష్కరణ కిందికి వస్తుందని కోర్టులో నేను వాదిస్తాను. దాని దర్యాప్తు డీఎస్పీ చేయాలి."

"నా వీధి గదిలో కూర్చునే నా మీద కేసు వేస్తావా?"

"వేస్తాను బాబాయ్. గది ఖాళీ చేయమంటే పదిహేను రోజుల నోటీసివ్వండి, చట్టం అంతే అడుగుతుంది."

ఆయన నోటీసు మాట ఎత్తలేదు. జీతం చీటీ ఎన్ని నెలలది తీసుకోవాలి, ఆఫీసు ఉత్తరంలో ఏం రాయించాలి అని అడిగాడు. మూడు నెలలది చాలని, ఉత్తరంలో ఎప్పటి నుంచి పనిచేస్తున్నారో ఉంటే సరిపోతుందని ఆమె చెప్పింది.